పడవలో ఆ చిన్న గది

ఆదివారం పొద్దున్న ఏడింటికి ఫోను మోగింది. మా ఇంట్లో ఆ వేళకి ఫోనొస్తే మా ఆవిడ గుండె దడదడలాడుతుంది. నేనెత్తాను. అమెరికాలో మా మేనల్లుడు. అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర.

"మావయ్యా, పడవలో నీళ్ళొస్తున్నాయి!"

వాడికో పడవ ఉంది. మేరీలాండ్ రాష్ట్రంలో అనాపొలిస్ అనే ఊళ్ళో, చెసపీక్ బే ఒడ్డున. ముప్ఫై అడుగుల తెరచాప పడవ. నలభై ఏళ్ళ పాతది, ఇద్దరు ముగ్గురు చేతులు మారాక వీడి చేతికొచ్చింది. వారమంతా కంప్యూటర్ ముందు కూచునేవాడికి శనాదివారాలు గాలీ నీళ్ళూ కావాలి కదా అని నేనే ఎగదోశాను. ఆ రాత్రి భార్యనీ, ఆరేళ్ళ కూతుర్నీ తీసుకెళ్ళి ఓ ఏటిపాయలో లంగరేసి పడుకుందామనుకున్నాడు. ఇంతలో ఇదీ సంగతి.

"ఎక్కణ్ణుంచొస్తున్నాయిరా?"

"బాత్‌రూంలోంచి. కమోడ్ నిండి పొర్లుతోంది. ఎవరూ పంపు కొట్టట్లేదు. దానంతటదే నిండుతోంది!"

వెనకాల పిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఎందుకేడుస్తోందని అడిగితే, "చివర్న వెళ్ళింది అదే. ఏదో చేసొచ్చింది. నాలుగు తిట్టాను" అన్నాడు.

వృత్తిరీత్యా నేను ఓడల్లో ఇంజనీరుగా చేశాను. పెద్ద ఓడల్లో మరుగుదొడ్ల సంగతి వేరు. అక్కడ వాక్యూమ్ లైన్లు, శుద్ధి చేసే యంత్రాలు, వాటికో మనిషి. చిన్న పడవలో ఉండేది చేత్తో కొట్టే పంపు. కానీ సముద్రం ఇద్దరికీ ఒకటే. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న అడిగాను: "వచ్చే నీళ్ళు మురికిగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా?"

"తేటగానే ఉన్నాయి."

"అయితే లోపలికొచ్చే వైపు నుంచి. ముందు అమ్మాయినీ పిల్లనీ లైఫ్‌జాకెట్లు వేసుకోమను. అమ్మాయిని రేడియో దగ్గర కూచోబెట్టు. నీళ్ళు చెక్క నేల మీదకి ఎక్కాయంటే పదహారో ఛానెల్లో కోస్ట్‌గార్డుని పిలవాలి, మొహమాటపడొద్దు. ఇప్పుడు చెప్పు, పంపు పక్కన చిన్న మీట ఉంటుంది. ఎటు ఉంది?"

మీట 'తడి' వైపే ఉండిపోయింది. తిప్పమన్నాను. తిప్పాడు. ధార సన్నబడింది గానీ ఆగలేదు.

ఇక్కడ కాస్త ఆగి, ఈ గది సంగతేమిటో మీకు చెప్పాలి. లేకపోతే వాడి కంగారు మీకు అర్థం కాదు.

మన ఇంట్లో కమోడ్ పనంతా గురుత్వాకర్షణే చేసి పెడుతుంది. నీళ్ళు పైనుంచొస్తాయి, మురుగు కిందికి పోతుంది. పడవలో లెక్క తలకిందులు. ఆ గది పడవ పొట్టలో ఉంటుంది. కమోడ్ అంచు చాలా పడవల్లో బయటి సముద్రమట్టం కన్నా కిందే ఉంటుంది. అంటే మీరు కూచున్నది సముద్రం కింద! మురుగు పైకి ఎక్కాలి, నీళ్ళు మాత్రం పిలవకుండానే లోపలికి వస్తామంటాయి. ఆ రెంటి మధ్యా కాపలా కాసేది ఓ చేతి పంపు, రెండు మూడు రబ్బరు బిళ్ళలు, పడవ అడుగున ఓ కవాటం.

పంపు చూడ్డానికి సైకిల్ పంపు లాంటిదే. పిస్టన్‌కి పైభాగం సముద్రపు నీటిని లోపలికి లాగి కమోడ్‌లో పోస్తుంది. కింది భాగం కమోడ్‌లో ఉన్నదాన్ని లాగి బయటికి నెడుతుంది. మీట 'తడి' వైపుంటే రెండు పనులూ జరుగుతాయి. 'పొడి' వైపుంటే నీళ్ళు రావడం ఆగి, ఖాళీ చెయ్యడం ఒక్కటే జరుగుతుంది. పని ముగించుకున్నవాళ్ళు తడిలో బాగా కొట్టి, తర్వాత పొడిలో కమోడ్ ఖాళీ అయ్యేదాకా కొట్టి, మీట పొడిలోనే వదిలేసి, పడవ అడుగున కవాటం మూసి రావాలి. చెప్పడానికి ఇంతే. నిద్రమొహంతో ఆరేళ్ళ పిల్ల గుర్తుపెట్టుకుంటుందా?

పోనీ పిల్ల మర్చిపోయింది. అయినా నీళ్ళు రాకూడదు. ఎందుకంటే పంపుకీ కమోడ్‌కీ మధ్య పైపుని గోడ మీదుగా సముద్రమట్టానికి బాగా పైకి తీసుకెళ్ళి, గొడుగు పిడిలా వంచి కిందికి దించుతారు. ఆ వంపు నెత్తి మీద చిన్న గాలి రంధ్రం, దానికో బుల్లి రబ్బరు వాల్వు ఉంటాయి. పంపు కొట్టడం ఆపగానే ఆ రంధ్రంలోంచి గాలి దూరి, నీటి ధారని తెంపేస్తుంది. అది లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. బిందెలోంచి గొట్టంతో నీళ్ళు ఒక్కసారి నోటితో లాగి వదిలితే తర్వాత వాటంతటవే కారతాయి చూడండి, అదే. ఇక్కడ బిందె చెసపీక్ బే. అది ఖాళీ అయ్యేదెప్పుడు?

"ఒరే, కమోడ్ వెనకాల పలక తీసి చూడు. పైపు గొడుగు పిడిలా వంగి పైకెళ్ళిందా?"

"లేదు మావయ్యా. తిన్నగా ఉంది. పక్కన ఏదో వంపు ముక్క ఊడదీసి మూల పడేసుంది."

ఇదివరకటి యజమాని పని! ఆ బుల్లి వాల్వుకి ఉప్పు పట్టి నీళ్ళు చిమ్ముతుంటాయి. శుభ్రం చెయ్యడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఓపిక లేక వంపు మొత్తం పీకేసి తిన్నటి పైపు బిగించాడు మహానుభావుడు.

"సరే, పడవ అడుగున కవాటం మూసెయ్యి."

"తిరగట్లేదు. బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టనా?"

నా చెయ్యి చల్లబడింది. "కొట్టకు!" అని అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఎందుకరిచానో లెక్క చెబుతాను. వాడి పడవలోకి వస్తున్నది నాలుగు నిమిషాలకో బకెట్టు. నిమిషానికి నాలుగు లీటర్లనుకోండి. చూసుకోకుండా ఎనిమిది గంటలు పడుకుంటే రెండు టన్నుల నీళ్ళు. ఆ పడవ బరువే నాలుగైదు టన్నులు. పైగా పడవ కుంగేకొద్దీ నీళ్ళు ఇంకా జోరుగా వస్తాయి. ఇది నెమ్మదిగా ముంచే దారి. సుత్తి దెబ్బకి కవాటం మెడ విరిగితే? నీటిమట్టానికి అరమీటరు కింద 38 మిల్లీమీటర్ల కన్నం పడితే సెకనుకి రెండు లీటర్లు లోపలికొస్తాయి, నిమిషానికి 120. మన వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల వాటర్ ట్యాంకరు ముప్పావుగంటలోపు నిండిపోతుంది. లోపలికొచ్చే పైపు అందులో సగమే లావు, 19 మిల్లీమీటర్లు. అయినా చీకట్లో, చంటిపిల్లతో, ఒక్క చేతి పంపుతో తోడిపోసేది కాదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఇల్లు కట్టిన మేస్త్రి. మీరూ చూసే ఉంటారు. పొడుగాటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఆ కొస ఒకడు, ఈ కొస ఒకడు పట్టుకుని, రెండు స్తంభాల మీద ఒకే మట్టంలో గీత గీస్తారు. గొట్టం ఎన్ని వంకర్లు తిరిగినా నీళ్ళు రెండు కొసల్లోనూ ఒకే ఎత్తులో నిలబడతాయి. బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ మట్టం దాటవు.

"ఒరే, పంపుకి బిగించిన క్లిప్పు వదులుచేసి, నీళ్ళు తెచ్చే పైపుని ఊడలాగు. లాగిన వెంటనే బొటనవేలుతో మూతి మూసి పైకెత్తు. కాస్త తడుస్తావు, ఫర్వాలేదు. వాష్‌బేసిన్ దాకా వస్తుందా?"

"వస్తుంది. పొడుగ్గానే ఉంది."

"దాన్ని బేసిన్ పైన కుళాయికి కట్టెయ్యి. బేసిన్‌లో నీళ్ళు వాటంతటవే సముద్రంలోకి పోతాయా లేదా? పోతాయంటే దాని అడుగు సముద్రమట్టానికి పైనున్నట్టే. అక్కడికి పైపు ఎత్తావంటే నీళ్ళు ఎక్కలేవు. ఒకవేళ పడవ ఊగి కాస్త చిందినా బేసిన్‌లోనే పడతాయి."

ఫోను ఎక్కడో పెట్టాడు. గలగలమని చప్పుడు. ఏదో పడింది. వాడి భార్య "ఏమండీ" అంది. మళ్ళీ నిశ్శబ్దం. నేను గోడ గడియారం చూస్తూ కూచున్నాను. ఓడల్లో ఇంతకన్నా పెద్దవి చూశాను గానీ ఎనిమిది వేల మైళ్ళ దూరం నుంచి ఓ పైపు కోసం అంత ఇదిగా ఎప్పుడూ ఎదురుచూడలేదు.

"ఆగిపోయింది మావయ్యా."

ఓ గంట బకెట్లతో తోడుకున్నారు. ఆ రాత్రి వంతులవారీగా మేలుకుని, పొద్దున్నే రేవుకి వచ్చి, పడవని ఒడ్డుకెత్తించారు. ఫోను పెట్టేముందు వాడితో ఒక్కమాటన్నాను. "పిల్లకి సారీ చెప్పు. వంపు పైపు లేదు, కవాటం తిరగదు, పంపులో రబ్బరు బిళ్ళ అరిగిపోయింది. ఆ మూడూ నీ వంతు. మీట ఒక్కటే దాని వంతు." చెప్పాడట. అది వెంటనే నిద్రపోయిందట.

ఈ గదికి ఇంగ్లీషులో పేరు 'హెడ్'. తల! పాతకాలపు తెరచాప ఓడల్లో నావికులకి ఆ ఏర్పాటు ఓడ ముక్కు దగ్గర, చిల్లులున్న చెక్క పలకల మీద ఉండేది. ఆ ఓడలకి గాలి వెనక నుంచి వీస్తేనే బాగా నడక. కాబట్టి వాసన ముందుకే పోతుంది, అలలొచ్చి కడిగేస్తాయి. ఓడకి తల దగ్గరుంది కాబట్టి తల. ఇప్పుడది లోపలికొచ్చి తలుపు వేసుకుంది, పేరు మాత్రం మిగిలింది.

లోపలికి తెచ్చినందుకు మనిషి మూల్యం చెల్లించాడు కూడా. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1945 ఏప్రిల్ 14న, స్కాట్లాండు తీరంలో పీటర్‌హెడ్ దగ్గర యు-1206 అనే జర్మన్ జలాంతర్గామి నీళ్ళ కింద సుమారు 60 మీటర్ల లోతున ఉంది. అందులో కొత్తరకం మరుగుదొడ్డి, లోతులో కూడా మురుగుని బయటికి నెట్టగలిగేది. దాని కవాటాలు ఏ వరసలో తిప్పాలో శిక్షణ పొందినవాళ్ళకే తెలుస్తుంది. ఆ రోజు ఎక్కడో వరస తప్పింది, సముద్రం లోపలికొచ్చింది. తప్పు కెప్టెన్‌దేనని ఒక కథ, తాను ఆ సమయంలో ఇంజన్ గదిలో ఉన్నానని ఆయన మాట. ఎవరిదైతేనేం, ఉప్పునీళ్ళు కింద ఉన్న బ్యాటరీల మీద పడి క్లోరిన్ వాయువు పుట్టింది. ఊపిరాడక పైకి తేలారు, పైన శత్రు విమానాలు. చివరికి తమ జలాంతర్గామిని తామే ముంచేసుకున్నారు. నలుగురు పోయారు, 46 మంది బందీలయ్యారు. నా మేనల్లుడికి ఈ కథ ఆ రాత్రి చెప్పలేదులెండి. వారం తర్వాత చెప్పాను.

క్లోరిన్ మాట వచ్చింది కాబట్టి పడవలు లేని మీక్కూడా పనికొచ్చే సంగతొకటి. బాత్‌రూం కడిగే యాసిడ్‌నీ, బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకండి. ఒకటి పోసి సరిగ్గా కడక్కుండా రెండోది చల్లినా అంతే. ఆ జలాంతర్గామిలో పుట్టిన వాయువే మీ ఇంట్లో తలుపు మూసిన బాత్‌రూంలోనూ పుడుతుంది. 'రెండూ కలిపితే ఇంకా తెల్లగా వస్తుంది' అనేవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

తర్వాతి వేసవికి మళ్ళీ ఫోను. ఈసారి కంగారు లేదు, కోపం. పంపు పిడి కిందికి దిగట్లేదు, బలంగా నొక్కితే తిరిగి పైకి తంతోంది అన్నాడు. ఇక్కడే చాలామంది చేసే తప్పు, ఇంకాస్త బలంగా నొక్కడం. పంపు బిగిసిందంటే అవతల దారి మూసుకుందని. కవాటం తెరవడం మర్చిపోయారేమో ముందు చూడాలి. తెరిచే ఉంటే పైపులో అడ్డం. బలవంతం చేస్తే ఎక్కడో ఓ పైపు క్లిప్పు దగ్గర ఊడి, లోపలున్నదంతా గది గోడల మీద పడుతుంది. ఆ తర్వాత ఆ పడవలో కాపురం ఎవరు చేస్తారు?

అడ్డమేమిటా అని పైపు విప్పి చూస్తే, 38 మిల్లీమీటర్ల పైపులో చిటికెనవేలు పట్టేంత సందే మిగిలింది. మిగతాదంతా రాయి. పళ్ళకి గార పట్టదూ, అదే. సముద్రపు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. మూత్రం నిలవుంటే అమ్మోనియా తయారై నీళ్ళు క్షార గుణానికి వస్తాయి. అప్పుడా లవణాలు కరిగి ఉండలేక పైపు గోడల మీద పొరలు పొరలుగా గడ్డకడతాయి. మొదటి ఏడాది గీతలా, మూడో ఏడాది గోడలా. వాడి పైపు ఎన్నేళ్ళదో వాడికే తెలీదు.

దీనికి సముద్రం మీద తిరిగేవాళ్ళు చేసే వైద్యం చూస్తే మీకు నవ్వొస్తుంది. పైపు పూర్తిగా ఊడదీసి, రేవు గట్టు మీదకి తీసుకెళ్ళి, చాకిరేవులో బట్టలు బాదినట్టు బాదుతారు! గార పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది. వాడూ బాదాడు. పక్క పడవల వాళ్ళు గాలికి ఎదురువైపు వెళ్ళి నిలబడ్డారట. నన్నడిగితే అంత పాత పైపుని బాదేకన్నా మార్చడమే మేలు. కానీ ఖర్చు వాడిది, చేతులూ వాడివే.

రాకుండా చూసుకోవడం దీనికన్నా సుళువు. పంపు నాలుగుసార్లు కొట్టి కమోడ్ ఖాళీ అయింది కదా అని ఆపేస్తారు. కమోడ్ ఖాళీ అయింది, పైపు కాలేదు. ఆ లావు పైపు మీటరు పొడుగులో లీటరు పైచిలుకు పడుతుంది. మూడు మీటర్ల పైపైతే మూడున్నర లీటర్లు వెళ్తేగానీ లోపలిది చివరికి చేరదు. చేరకపోతే రాత్రంతా పైపులోనే ఊరుతుంది. అందుకని ఇంకో పదీ పదిహేనుసార్లు ఎక్కువ కొట్టాలి. నెలకోసారి పడుకోబోయేముందు లీటరు వెనిగర్ పోసి, పైపులోకి వెళ్ళేంత కొట్టి, పొద్దున్నదాకా వదిలేసి, కడిగెయ్యాలి. మామూలు తెల్ల వెనిగర్ చాలు. బ్లీచ్, ఘాటైన ఫినాయిల్ రకాలు పోస్తే వాసనేమో గానీ ముందు రబ్బరు బిళ్ళలు పోతాయి.

ఆ రబ్బరుల్లో ముఖ్యమైనది పంపు దాటగానే, బయటికి పోయే దారిలో ఉంటుంది. దాన్ని 'జోకర్ వాల్వు' అంటారు. రెండు పెదవులు మూసుకున్నట్టు ఉంటుంది. లోపల్నుంచి తోస్తే విచ్చుకుంటుంది, అవతల్నుంచి తిరిగొస్తే మూసుకుంటుంది. కొత్తలో పెదవులు బిగిసి ఉంటాయి. ఏడాదీ రెండేళ్ళయ్యేసరికి గార పట్టి, వెంట్రుకో దారప్పోగో చిక్కుకుని, నోరు తెరుచుకునే ఉంటుంది. కమోడ్‌లోకి తేట నీళ్ళు కాక మురికి నీళ్ళు నెమ్మదిగా తిరిగొస్తున్నాయంటే జోకరు నవ్వుతున్నాడని అర్థం. అందుకే మొదట వాణ్ణి ఆ ప్రశ్న అడిగింది. మార్చడం పావుగంట పని, ముక్కు మూసుకుంటే. బిగించేటప్పుడు పెదవుల కొస పంపు వైపు కాదు, పైపు వైపు ఉండాలి. తిరగేసి బిగించి, ఆ మధ్యాహ్నమంతా పంపుని తిట్టినవాళ్ళు ఉన్నారు.

నీళ్ళే రావట్లేదంటారా? కవాటం మూసుందేమో, బయట మూతికి నాచు పట్టిందేమో చూడండి. రెండూ కాకపోతే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు అరిగినట్టు. పిడి కిర్రుమని బిగుసుకుంటే కొందరు వంటనూనె పోస్తారు. రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్ళీ కిర్రు. పంపు విప్పి సిలికాన్ గ్రీజు రాస్తే సీజనంతా నిలుస్తుంది.

మా కోడలికి, అంటే వాడి భార్యకి, వీటన్నిటికన్నా పెద్ద బాధ వాసన. కమోడ్ తళతళలాడుతోంది, అయినా తలుపు తీస్తే కుళ్ళిన కోడిగుడ్ల వాసన. చాలామంది మురుగు పైపుని అనుమానిస్తారు. నిజానికి సగం దోషం లోపలికొచ్చే నీళ్ళది! సముద్రపు నీళ్ళలో కంటికి కనపడని జీవాలుంటాయి. శనివారం పైపులో చిక్కుకున్నవి వారమంతా చీకట్లో చచ్చి కుళ్ళి, వచ్చే శనివారం మొదటి పంపుకి గుప్పుమంటాయి. పడవ వదిలి వచ్చేముందు ఆ పైపులోకి మంచినీళ్ళు ఎక్కిస్తే ఈ బెడద ఉండదు. మా వాడు బేసిన్ మురుగు పైపుని, ఈ నీళ్ళ పైపుతో కలిపాడు. ఇప్పుడు కవాటం మూసి, బేసిన్‌లో మంచినీళ్ళు నింపి పంపు కొడితే అవే వెళ్తాయి. రెండో అనుమానితుడు పాతబడిన మురుగు పైపు. కారకపోయినా రబ్బరులోంచి వాసన ఊరి బయటికొస్తుంది. వేడినీళ్ళలో తడిపిన గుడ్డతో పైపుని గట్టిగా తుడిచి, ఆ గుడ్డ వాసన చూడండి. గుడ్డకి అంటితే పైపు మార్చవలసిందే, అగరొత్తులు వెలిగించి లాభం లేదు.

ఇంతకీ పడవలోంచి ఈ మురుగంతా ఎక్కడికి పోతుందని మీరడగొచ్చు. అమెరికాలో తీరానికి మూడు నాటికల్ మైళ్ళ లోపల శుద్ధి చెయ్యని మురుగు వదలడం నేరం. చెసపీక్ బే మొత్తం ఆ లోపలే. అందుకని పడవలోనే ఓ ట్యాంకు ఉంటుంది, వాడిది 60 లీటర్లది. నిండాక రేవులో పంపు పెట్టి లాగిస్తారు. సముద్రానికి నేరుగా వెళ్ళే దారి ఉన్నా, దాని కవాటం మూసి కట్టేసి ఉంచాలి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే పెద్ద ఓడలకి 2003 నుంచి ఇలాంటి నిబంధనలే వేరే ఉన్నాయి. అవొచ్చాక మా ఇంజన్ రూముల్లో పెరిగిన పని నాకు బాగా గుర్తు, అయినా అది మంచి పనే.

ఆ ట్యాంకు విషయంలో మన తెలుగువాళ్ళకి ఒక లాభం, ఒక నష్టం. లాభమేమిటంటే మనకి చెంబు అలవాటు. పడవ మరుగుదొడ్లలో అడ్డుపడేవాటిలో మొదటిది కాగితం. తిని అరిగినదీ, కాసింత పల్చటి కాగితమూ తప్ప ఇంకేమీ వెయ్యొద్దని పడవల వాళ్ళు అతిథులకి చెబుతూనే ఉంటారు. మనకి ఆ బాధ లేదు. నష్టమేమిటంటే 60 లీటర్ల ట్యాంకు చెంబులతో ఎంతసేపట్లో నిండుతుందో మీరే లెక్కేసుకోండి. మా అక్కయ్య ఓ వారం వెళ్ళొచ్చింది. ఆవిడ వెళ్ళినవారం వాడు రేవుకి మూడుసార్లు తిరిగాడు.

మన విశాఖ అమ్మాయి లెఫ్టినెంట్ కమాండర్ స్వాతి, హైదరాబాద్ అమ్మాయి లెఫ్టినెంట్ ఐశ్వర్య, మరో నలుగురు నౌకాదళ అధికారిణులు 'తారిణి' అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి, భూగోళం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. 254 రోజులు. పడవ పొడుగు 56 అడుగులు. టీవీలో ఆ స్వాగతాలు చూస్తున్నప్పుడు నా మనసంతా ఆరుగురు వాడే ఆ చిన్న గది మీదే ఉంది. దక్షిణ సముద్రాల్లో పడవ పక్కకి ఒరిగిపోతుంటే, ఓ చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో పంపు కొట్టే చిత్రం ఏ పేపర్లోనూ రాదు కదా!

మా వాడి పడవలో కవాటాలు మార్చినప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కటే, ఇత్తడి వద్దు, కంచు జాతివి కావాలని. రెండూ పసుపుపచ్చగానే ఉంటాయి. ఇత్తడిలో జింకు ఉంటుంది. ఉప్పునీళ్ళు దాన్ని మెల్లగా తినేసి, గులాబిరంగు పెళుసు రాగిని మిగులుస్తాయి. చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది, తన్నితే విరుగుతుంది. ఆ రాత్రి వాడు సుత్తి ఎత్తిన కవాటం ఊడదీశాక ఫోటో పంపాడు. గీరినచోట గులాబి రంగు. నేనా ఫోటో మా ఆవిడకి చూపించలేదు. ఇప్పుడు ప్రతి కవాటానికీ పైపు దగ్గర రెండేసి స్టీలు క్లిప్పులు, పక్కనే తాడుతో కట్టిన మెత్తటి చెక్క బిరడా ఉన్నాయి. పైపు ఊడితే ఆ కన్నంలో దిగ్గొట్టడానికి. నెలకోసారి కవాటాలన్నీ ఓసారి మూసి తెరవడం పిల్లకి అప్పజెప్పాడు, దానికదో ఆట. చలికాలం పడవ ఒడ్డెక్కేముందు గడ్డకట్టని గులాబిరంగు ద్రవం పంపులో ఎక్కించడం మాత్రం వాడే చేస్తాడు, లేకపోతే మంచుకి పంపు చిట్లుతుంది.

మొన్న వీడియోలో ఆ గది చూపించింది మా మనవరాలు. గొడుగు పిడి లాంటి వంపు మళ్ళీ గోడ మీదకొచ్చింది. మీట పక్కన అట్టముక్క అంటించి ఉంది. ఒకవైపు నీలంరంగు బొట్టు బొమ్మ, రెండోవైపు ఎండలో సూర్యుడు. కింద వాళ్ళ నానమ్మ నేర్పిన తెలుగులో 'తడి', 'పొడి'. 'పొడి'లో డకి గుడి ఎడంపక్కకి వచ్చింది. "తప్పు రాశావే" అన్నాను.

"తాతయ్యా, అది చదవడానికి కాదు. చూసి తిప్పడానికి" అంది.